యాడ్‌బ్లూ లారీలో చెక్ లైట్: బాక్స్ పెట్టించడమా, మూలం వెతకడమా?

మిర్యాలగూడ ఓనర్:
నాది 2018 మోడల్ బీఎస్-4 పది టైర్ల లారీ, యాడ్‌బ్లూ బండి (పొగలోని విషవాయువు తగ్గించడానికి యూరియా కలిపిన నీళ్లు కొట్టే రకం). సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను, కిస్తీలు నడుస్తున్నాయి. ఎక్కువగా వడ్లు, బియ్యం కిరాయిలు, అప్పుడప్పుడు వాడపల్లి సిమెంటు. చెక్ లైట్ వెలిగి, లోడు మీద ఎత్తు ఎక్కలేకపోతోంది. స్కానర్ పెడితే ఎస్‌పీఎన్ (దేనిలో లోపమో చెప్పే నంబర్) 4364, ఎఫ్‌ఎంఐ (ఏ రకం లోపమో చెప్పే నంబర్) 18 అని వచ్చింది. ఒక షాపులో వెనక నాక్స్ సెన్సర్ (పొగలోని నైట్రోజన్ ఆక్సైడ్లను కొలిచేది) పోయిందని మార్చారు. కొన్నాళ్లు బాగానే నడిచి మళ్లీ అదే కోడ్. ఇప్పుడు ముందు సెన్సర్ కూడా మార్చాలంటున్నారు. ఇంకో మేస్త్రి "ఇదంతా ఎందుకు సేటూ, బాక్స్ పెట్టేస్తా, యాడ్‌బ్లూ ఖర్చే ఉండదు" అంటున్నాడు. యాడ్‌బ్లూ సిస్టమ్ బాగానే పని చేస్తోందని బండి కంప్యూటర్‌ను నమ్మించే పరికరమట అది. ఏది చేస్తే మంచిది?

నార్కట్‌పల్లి లారీ:
బాక్స్ పెట్టించేయ్ అన్నా. నేను బండి నడిపేవాణ్ని, ఓనర్ని కూడా నేనే. రెండు సెన్సర్ల ఖర్చులో బాక్స్ వచ్చి ఇంకా డబ్బు మిగులుతుంది. అద్దంకి రోడ్డు మీద నీ పక్కనే పాత బీఎస్-3 బండ్లు యాడ్‌బ్లూ చుక్క లేకుండా పోతున్నాయి, వాళ్లను ఎవరూ అడగరు. నడిరోడ్డు మీద పవర్ పడిపోతే లోడు ఆలస్యం, పార్టీతో మాట పడటం, టెన్షన్. ఇంజిన్ గట్టిగా ఉంటే చాలు, మిగతా వైర్లన్నీ మనకు బరువే.

జడ్చర్ల ఆటో ఎలక్ట్రీషియన్:
మిర్యాలగూడ అన్నా, ముందు ఆ నంబర్ ఏం చెబుతోందో చూడండి. 4364 అంటే ఎస్‌సీఆర్ డబ్బా (యాడ్‌బ్లూ సాయంతో పొగను శుద్ధి చేసే భాగం) నాక్స్‌ను ఎంత తగ్గిస్తోందన్న లెక్క. ఎఫ్‌ఎంఐ 18 అంటే వచ్చిన విలువ నమ్మదగినదే, కానీ ఉండాల్సిన దానికంటే తక్కువ. అంటే మీ బండి కంప్యూటర్ సెన్సర్ మాట నమ్ముతోంది. సెన్సర్ లైనే పోయి ఉంటే సెన్సర్ పేరు మీదే వేరే కోడ్ వచ్చేది, వెనక ఎఫ్‌ఎంఐ 3, 4, లేదా 5 ఉండేది. 3 అయితే ఓల్టేజీ ఎక్కువ, 4 అయితే తక్కువ, 5 అయితే లైను తెగినట్టు. మీకు వచ్చింది వీటిలో ఏదీ కాదు. ఆ సంఖ్య చదవకుండానే సెన్సర్ మార్చారు.

మరి కొన్నాళ్లు ఎందుకు బాగుంది? సెన్సర్ మార్చినప్పుడు కోడ్ చెరిపేస్తారు. కంప్యూటర్ మళ్లీ లెక్క వేసుకునేదాకా లైట్ వెలగదు, పవర్ తగ్గదు. దాన్ని రిపేర్ అనుకోవద్దు. పైగా కోడ్‌తో పాటు అది పడినప్పటి స్పీడు, లోడు, వేడి వివరాలు కూడా చెరిగిపోతాయి. చెరిపే ముందు స్కానర్ తెర ఫొటో తీసి పెట్టుకోండి.

ఇక మీ కిరాయిల సంగతి. వడ్ల సీజన్‌లో మిల్లు ముందు లైన్‌లో ఇంజిన్ ఆపకుండా గంటలు గంటలు నిలబడతారు. సైలెన్సర్‌లో పొగ వేడి సుమారు 200 డిగ్రీలు దాటితేనే యాడ్‌బ్లూ కొట్టడం మొదలవుతుంది. ఐడిలింగ్‌లో ఆ వేడి రాదు. యాడ్‌బ్లూ కొట్టే నాజిల్ మూతి దగ్గర మిగిలిన చుక్కలు ఎండి గడ్డకడతాయి. విప్పి చూస్తే చుట్టూ సున్నం పేరుకున్నట్టు తెల్లగా కనిపిస్తుంది. వేడినీళ్లలో నానబెడితే చాలావరకు కరిగిపోతుంది. స్క్రూడ్రైవర్‌తో గీకితే మాత్రం సన్న రంధ్రం పాడై నాజిల్ మొత్తం మార్చాల్సి వస్తుంది. కరగకుండా రాయిలా ఉంటే అది ముదిరిన గడ్డ, లోపల పైపులో కూడా ఉందేమో చూడాలి.

నాజిల్ కడిగాక అలాగే బిగించేయొద్దు. దాన్ని కొలగ్లాసులోకి పెట్టి స్కానర్‌లో డోసింగ్ టెస్ట్ (నాజిల్ ఎంత యాడ్‌బ్లూ కొడుతోందో చూసే పరీక్ష) నడపమనండి. ఎంత రావాలో కంపెనీ మాన్యువల్‌లో ఉంటుంది. సన్నని తుంపరలా రావాలి, ధారగా కారకూడదు. ధారగా కారితే ఇంకో చిక్కుంది. యాడ్‌బ్లూ ఎక్కువై, దాన్నుంచి పుట్టే అమ్మోనియా మిగిలిపోతే వెనక సెన్సర్ దాన్ని కూడా నాక్స్ అనే లెక్కేస్తుంది. అప్పుడు తక్కువ కొట్టినా ఇదే కోడ్, ఎక్కువ కొట్టినా ఇదే కోడ్. అందుకే కొలవకుండా పార్టు మార్చడం నాకు నచ్చదు.

దేవరకొండ టిప్పర్:
యాడ్‌బ్లూ ఎక్కడ కొంటున్నారో కూడా అడగండి. క్యాన్లను ఎర్రటి ఎండలో షాపు బయట పేర్చి అమ్ముతున్నారు. మన నల్గొండ ఎండ సంగతి తెలిసిందే. 25 డిగ్రీల్లో ఏడాదిన్నర నిలిచే సరుకు 35 డిగ్రీల్లో ఆరు నెలలకే పాడవుతుంది. అందులో యూరియా 32.5 శాతం ఉండాలి. రిఫ్రాక్టోమీటర్ (ద్రవం గాఢత చూపే చిన్న పరికరం) అద్దం మీద ఒక్క చుక్క వేస్తే నీళ్లు కలిసిందీ లేనిదీ తెలిసిపోతుంది.

ఇంకా ఘోరం, పొలంలో వేసే యూరియా బస్తా తెచ్చి బోరు నీళ్లలో కలిపి పోసేవాళ్లున్నారు. ఆ యూరియాకు వేపనూనె పూత ఉంటుంది. మా వైపు బోరు నీళ్లలో ఉప్పులెక్కువ, ఫ్లోరైడ్ కూడా. అవన్నీ నాజిల్‌లో, ఎస్‌సీఆర్ డబ్బాలో పేరుకుంటాయి. డబ్బా ఒకసారి పాడైతే కడిగితే బాగుపడేది కాదు. రైతుకు దొరకాల్సిన సబ్సిడీ బస్తాను లారీ ట్యాంకులో పోయడం నాకు కడుపు మండే విషయం.

నార్కట్‌పల్లి లారీ:
ఇవన్నీ టైం ఉన్నోళ్ల మాటలు. బాక్స్ పెట్టిన బండ్లకు కూడా పొల్యూషన్ సర్టిఫికెట్ వస్తోంది. గాలి నిజంగా పాడవుతుంటే సర్టిఫికెట్ ఎలా ఇస్తున్నారు?

జడ్చర్ల ఆటో ఎలక్ట్రీషియన్:
తమ్మీ, డీజిల్ బండికి ఆ టెస్టులో కొలిచేది పొగ నల్లదనం మాత్రమే. నాక్స్‌ను కొలవరు. అది కంటికి కూడా కనపడదు. కాబట్టి సర్టిఫికెట్ వచ్చినంత మాత్రాన యాడ్‌బ్లూ సిస్టమ్ పని చేస్తున్నట్టు కాదు.

బీఎస్-3 పోలిక కూడా కుదరదు. యాడ్‌బ్లూ బండి ఇంజిన్‌ను మైలేజీ కోసం నాక్స్ ఎక్కువ వచ్చేలా ట్యూన్ చేస్తారు, వెనక డబ్బా దాన్ని తగ్గిస్తుందన్న ధీమాతో. డబ్బా పని ఆపేస్తే ఆ నాక్స్ అంతా బయటికే. 2019లో కేంద్రం పెట్టిన జాతీయ స్వచ్ఛ గాలి కార్యక్రమంలో, గాలి ప్రమాణాలు అందుకోని ఊళ్ల జాబితాలో మన నల్గొండ పేరుంది. ఆ గాలి పీల్చేది మనమూ మన పిల్లలే. మిల్లు లైన్‌లో ముందు బండి పొగ వెనక డ్రైవర్ క్యాబిన్‌లోకే వస్తుంది.

షాద్‌నగర్ ట్రాన్స్‌పోర్ట్:
చట్టం సంగతి కూడా చెబుతాను. 2019 సవరణ తర్వాత మోటారు వాహనాల చట్టం 182ఏ(4) ప్రకారం అనుమతి లేని మార్పు చేసిన ఓనర్‌కు ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. బాక్స్ అమ్మిన మేస్త్రి పేరు ఆర్‌సీలో ఉండదు, మీ పేరే ఉంటుంది. రేపు బండి అమ్మేటప్పుడు కూడా తెలిసినవాడు స్కానర్ పెట్టి, బాక్స్ ఉందని చూసి రేటు తగ్గిస్తాడు.

నార్కట్‌పల్లి లారీ:
చట్టం మాట ఒప్పుకుంటాను. కానీ డోసింగ్ టెస్ట్ చేసే స్కానర్ మనకు చుట్టుపక్కల ఎంతమంది దగ్గర ఉంది? కోడ్ చదివి చెరిపే చిన్న పరికరం తప్ప ఏమీ లేని షాపులే ఎక్కువ. అక్కడ బండి ఆపుకుని కూర్చుంటే కిస్తీ ఆగదు. ఈ సిస్టమ్ అమ్మినవాళ్లు దాన్ని పరీక్షించే సామాను, శిక్షణ ఊళ్లలో మేస్త్రీలకు ఇవ్వలేదు. ఆ కోపం నాకుంది, అది తప్పు కాదు.

జడ్చర్ల ఆటో ఎలక్ట్రీషియన్:
తప్పు కాదు. ఈ విషయంలో నీతో పూర్తిగా ఏకీభవిస్తాను. కానీ స్కానర్ లేకుండానే సగం పని అవుతుంది. మిర్యాలగూడ అన్నా, ట్యాంకులో యాడ్‌బ్లూ చుక్క రిఫ్రాక్టోమీటర్ మీద చూడండి. తేడా ఉంటే ట్యాంకు ఖాళీ చేసి, కడిగి, సీలు ఉన్న కొత్త క్యాన్ పోయండి. నాజిల్ విప్పి చూడండి. టర్బో నుంచి సైలెన్సర్ వరకు పొగ లీకు ఉందేమో, జాయింట్ల దగ్గర మసి పట్టిందేమో చూడండి. సెన్సర్ వైర్లు ఛాసిస్‌కు రాసుకుపోయాయేమో కూడా. ఇవన్నీ బాగుంటే అప్పుడు పెద్ద స్కానర్ ఉన్న చోటికి వెళ్లి డోసింగ్ టెస్ట్ అడగండి, బండి లోడు మీద ఉన్నప్పుడు ముందు వెనక నాక్స్ అంకెలు కూడా చూపించమనండి. రెండో సెన్సర్‌కు అడ్వాన్స్ ఇవ్వొద్దు.

మిర్యాలగూడ ఓనర్:
నాజిల్ మొన్ననే విప్పించాను, తెల్లగా గడ్డకట్టి ఉంది. పాత యాడ్‌బ్లూ తీసేయిస్తున్నాను. సెన్సర్ ఆర్డర్ ఆపమన్నాను, బాక్స్ కూడా వద్దని చెప్పాను. డోసింగ్ టెస్ట్ అంకెలు వచ్చాక ఇక్కడే పెడతాను.