అప్‌డేట్: 4కె మానిటర్‌కి 60 హెర్ట్జ్ వచ్చేసింది

పాత ల్యాప్‌టాప్‌కి 27 అంగుళాల 4కె మానిటర్ తగిలిస్తే 30 హెర్ట్జ్ (అంటే సెకనుకు 30 సార్లు బొమ్మ మారడం) దాటట్లేదని, మౌస్ బాణం ఈడ్చుకుంటూ కదులుతోందని అడిగాను కదా. సమస్య తీరింది.

కేబుల్ మార్చినా తేడా రాలేదు. అడ్డు ల్యాప్‌టాప్ పోర్టులోనే ఉంది, అది హెచ్‌డీఎంఐ (మానిటర్‌కి బొమ్మ పంపే కనెక్షన్) పాత వెర్షన్ 1.4. 3840×2160 అంటే సుమారు 83 లక్షల పిక్సెళ్లు, ఫుల్ హెచ్‌డీకి నాలుగింతలు. వాటిని సెకనుకు 60 సార్లు పంపాలంటే రంగుల డేటాకే దాదాపు 12 గిగాబిట్లు కావాలి. 1.4 మొత్తం సామర్థ్యమే 10.2. 2013లో వచ్చిన 2.0 దాన్ని 18కి పెంచింది కానీ, పాత పోర్టుకి ఎంత ఖరీదైన కేబుల్ పెట్టినా లాభం లేదు.

పక్కనే ఉన్న మినీ డిస్‌ప్లేపోర్ట్ (మానిటర్‌కి తగిలించే ఇంకో రకం పోర్టు) చూడమన్నవారికి చాలా థాంక్స్ అండీ. అది 1.2 రకం. కేబుల్ పెట్టాక కూడా మొదట 30 హెర్ట్జే చూపించింది. మానిటర్ మెనూలో డిస్‌ప్లేపోర్ట్ 1.1 మీద ఉంది, 1.2కి మార్చగానే 60 వచ్చింది.

స్కేలింగ్ (అక్షరాలు, బొమ్మల సైజు పెంచే సెట్టింగ్) 150 శాతం పెట్టాను. తెలుగు ఎంత బాగా కనిపిస్తోందో! పాత స్క్రీన్‌లో 'స్త్రీ', 'లక్ష్మి' రాస్తే వత్తులు మసగ్గా కలిసిపోయేవి, ఇప్పుడు ఒక్కో గీత విడిగా తెలుస్తోంది.

ఇదే ఇబ్బంది ఉన్నవాళ్లు కొత్త ల్యాప్‌టాప్ కొనే ముందు ఆ మెనూ ఒకసారి చూడండి.