జావాస్క్రిప్ట్‌లో !! ఫాస్టా, బూలియన్ ఫంక్షన్ ఫాస్టా?

ప్రశ్న:
మా టీమ్‌లో కోడ్ రివ్యూ అంటే ఈ మధ్య ఇదే గొడవ. ఫిల్టర్ లూప్‌లో విలువల్ని నేను బూలియన్ ఫంక్షన్‌తో ట్రూ లేదా ఫాల్స్‌గా మారుస్తున్నాను, చదివేవాళ్ళకి వెంటనే అర్థమవుతుందని. మా సీనియర్ అవన్నీ తీసేసి అదే మార్పు చేసే !! గుర్తు పెట్టమంటున్నారు, ఫంక్షన్ కాల్ ఖర్చు మిగులుతుందని. ఇంకొకాయనేమో రెండు కండిషన్లని 'మరియు' అని కలిపే && బదులు & వాడితే బ్రాంచ్ (కోడ్ రెండు దారులుగా చీలడం) ఉండదు కాబట్టి ఇంకా ఫాస్ట్ అంటున్నారు. టేబుల్‌లో యాభై వేల వరసల దాకా ఉంటాయి, సెర్చ్ బాక్స్‌లో టైప్ చేస్తుంటే పేజీ పట్టేస్తోంది. వీటివల్ల నిజంగా తేడా వస్తుందా? కన్సోల్‌లో లూప్ పెట్టి కొలిస్తే ఒకసారి ఇది, ఒకసారి అది గెలుస్తోంది.

జవాబు 1:
రెండూ ఒకే రూల్ ప్రకారం మారుస్తాయండి, ఫలితంలో తేడా ఉండదు. వేగం సంగతికొస్తే, క్రోమ్‌లోని వీ8 ఇంజిన్ కోడ్‌ని ముందు ఇగ్నిషన్ అనే ఇంటర్‌ప్రెటర్‌లో నడుపుతుంది, అక్కడ బూలియన్ అనే గ్లోబల్ పేరుని వెతికి కాల్ చేయాలి, !! కి ఆ పని లేదు, కాబట్టి మీ సీనియర్ మాట అంతవరకు నిజమే. కానీ లూప్ ఎక్కువసార్లు తిరిగాక వీ8లోనే ఉన్న టర్బోఫ్యాన్ అనే ఆప్టిమైజర్ (2017లో క్రోమ్ 59తో డిఫాల్ట్ అయింది) ఆ కాల్‌ని తీసేసి నేరుగా మార్పిడి మాత్రమే ఉంచుతుంది. ఇఫ్ కండిషన్‌లో !! పెట్టడం మాత్రం దండగ, అక్కడ ఎలాగూ మార్పిడి జరుగుతుంది.

మీ కొలతలు ఊగడానికి కారణం కూడా ఇదే. ఫలితాన్ని ఎక్కడా వాడకపోతే ఆప్టిమైజర్ ఆ పని మొత్తాన్నే తీసేయగలదు, అప్పుడు మీరు కొలిచేది ఖాళీ లూప్‌ని. పైగా 2018లో స్పెక్టర్ అనే ప్రాసెసర్ భద్రతా లోపం బయటపడ్డాక బ్రౌజర్లు టైమర్ కచ్చితత్వాన్ని కావాలనే తగ్గించాయి.

జవాబు 2:
& సలహా మాత్రం అస్సలు తీసుకోకండి! అది విలువల్ని 32 బిట్ల పూర్ణాంకాలుగా మార్చి బిట్లని పోలుస్తుంది. 2 && 1 అంటే 1 వస్తుంది, 2 & 1 అంటే 0. రెండు మామూలు పేర్లు స్ట్రింగ్స్‌గా ఇచ్చినా 0 వస్తుంది. అన్నిటికంటే ముఖ్యం, && ఎడమవైపు విలువ ఫాల్స్ అని తేలితే అక్కడే ఆగుతుంది, & ఆగదు. యూజర్ నల్ (విలువ లేనిది) అయితే "యూజర్ && యూజర్.పేరు" క్షేమంగా బయటపడుతుంది, అదే & పెడితే టైప్‌ఎర్రర్. వేగం కోసం చేసి ప్రొడక్షన్‌లో క్రాష్ తెచ్చుకోవడం ఎందుకు?

జవాబు 3:
పైవాళ్ళు చెప్పిన ఆ ఆగిపోవడంలోనే మీకు కావలసిన వేగం ఉంది. కండిషన్లని ఏ క్రమంలో రాశారో చూడండి. యాక్టివ్ అనే ఫ్లాగ్ చూడటం తేలిక, రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ నడపడం, తేదీని ఫార్మాట్ చేయడం బరువు. తేలికైనదీ, ఎక్కువ వరసల్ని తీసేసేదీ ఎడమవైపు ఉంటే బరువైన పని కొన్నిటికే జరుగుతుంది. వెతికే మాటని చిన్నక్షరాలకి మార్చడం లూప్ బయట ఒక్కసారి చేస్తే చాలు. పెద్ద అర్రేలో పదేపదే వెతుకుతుంటే దాన్ని సెట్‌గా మార్చండి. ముందు బ్రౌజర్‌లోని డెవ్‌టూల్స్‌లో పర్ఫార్మెన్స్ ట్యాబ్ తెరిచి టైమ్ ఎక్కడ పోతోందో చూడండి, అది చూడకుండా మార్చేదంతా ఊహే.

'లేదా' అనే అర్థంలో వాడే || కూడా ఒకసారి చూసుకోండి. "ధర || 100" అని రాస్తే ధర నిజంగానే 0 అయినా 100 వస్తుంది. నల్ లేదా అన్‌డిఫైన్డ్ అయినప్పుడే డిఫాల్ట్ కావాలంటే 2020 నుంచి ?? ఉంది.

ప్రశ్న అడిగిన వ్యక్తి:
చూశాను, థాంక్సండి! పర్ఫార్మెన్స్ ట్యాబ్ చూపిన జాబితాలో బూలియన్ మార్పిడి కనపడలేదు. దాదాపు టైమంతా ప్రతి వరసకీ తేదీని లోకల్ ఫార్మాట్‌లోకి మార్చడానికే పోతోంది, అదీ && కి ఎడమవైపునే ఉంది. ఫిల్టర్‌కి నేరుగా బూలియన్ ఇవ్వడం అలాగే ఉంచుకోవచ్చా మరి?

జవాబు 3:
ఉంచుకోండి, చదవడానికి అదే బాగుంటుంది. ఆ అర్రేలో 0 గానీ ఖాళీ స్ట్రింగ్ గానీ సరైన విలువ అయ్యే అవకాశం ఉంటే మాత్రం వద్దు, అవి కూడా ఎగిరిపోతాయి. తేదీకి ఫార్మాటర్ ఆబ్జెక్ట్‌ని లూప్ బయట ఒక్కటి తయారుచేసి దాన్నే వాడండి, ఆ కండిషన్‌ని కుడివైపు చివరికి పంపండి.