అప్‌డేట్: గ్లాస్గోలో ‘బ్యాక్ ఆఫ్ నైన్’ అంటే ఎన్నింటికో తేలింది

బాయిలర్ చూడ్డానికి ‘బ్యాక్ ఆఫ్ నైన్’కి వస్తానని ప్లంబర్ మెసేజ్ పెట్టారు, అది తొమ్మిదికి ముందా తర్వాతా అని అడిగాను కదా. జవాబిచ్చిన అందరికీ థాంక్స్.

తొమ్మిది దాటాక అన్నవాళ్ల మాటే కరెక్ట్. ఆయన తొమ్మిది దాటిన కాసేపటికే వచ్చారు. అడిగితే, గంట దాటాక ఓ పావుగంట, మహా అయితే ఇరవై నిమిషాలు అన్నారు. తొమ్మిదిన్నర అయితే ‘హాఫ్ నైన్’ అనేస్తారట. ఇది కూడా గుర్తుపెట్టుకోండి, ఎనిమిదిన్నర అనుకునే ప్రమాదం ఉంది! స్కాట్స్ భాష నిఘంటువులో వెతికితే అక్కడా అదే అర్థం: చెప్పిన గంట దాటిన వెంటనే.

వెనక గుమ్మం దగ్గర ఉండమన్న సలహాకి పని పడలేదు, ఈ ‘బ్యాక్’కి ఇంటి వెనక వైపుతో సంబంధం లేదు. ఒకరు చెప్పిన ‘బ్యాక్ ఎండ్’ కూడా అక్కడ నిజంగా వాడే మాటే, కానీ అది శరదృతువు చివరి రోజులకి.

స్కాట్లండ్‌కి కొత్తగా వచ్చినవాళ్లకి ఎవరైనా ఇలా టైమ్ చెబితే, ఆ గంటకల్లా ఇంట్లో ఉంటే చాలు. అరగంట ముందు నుంచీ ఎదురుచూడక్కర్లేదు.