శ్రీ అంటే ఒక అక్షరమా, నాలుగా? (పెళ్లి కార్డుల పేజీ చేస్తున్నాను, సాయం కావాలి)

తెనాలి_తమ్ముడు
అందరికీ నమస్తే. డిప్లొమా రెండో సంవత్సరం. నాన్నకు డీటీపీ షాపు ఉంది, పెళ్లి కార్డులే ఎక్కువ. పేర్లు, ముహూర్తం టైపు చేస్తే కార్డు ఎలా వస్తుందో ఫోన్‌లోనే కనిపించే పేజీ ఒకటి సరదాగా మొదలుపెట్టాను. 4 జీబీ ర్యామ్ లాప్‌టాప్, షాపు మూశాక కూర్చుంటే అమ్మ వచ్చి లైటు ఆర్పేదాకా పని. రియాక్ట్ గట్రా ఏమీ లేవు. ఉత్త హెచ్‌టీఎంఎల్, సీఎస్ఎస్, కాస్త జావాస్క్రిప్ట్.
ఇరుక్కున్న చోట్లు చెప్తాను. నాన్న దగ్గర పదేళ్ల మ్యాటర్ అంతా అను ఫాంట్లలో, పేజ్‌మేకర్ (అచ్చు పేజీలు కూర్చే పాత సాఫ్ట్‌వేర్) ఫైళ్లలో ఉంది. పేజీలో అతికిస్తే పిచ్చి గీతలు వస్తున్నాయి. మండలి ఫాంట్‌ని బోల్డ్ చేస్తే అక్షరాల కడుపులు పూడిపోతున్నాయి. బటన్ మీద వత్తులు సగానికి తెగుతున్నాయి. పేరు గడికి 15 అక్షరాలు హద్దు పెట్టాను, 'శ్రీలక్ష్మీప్రసన్న' అని కొడితే 'శ్రీలక్ష్మీప్రస' దగ్గర ఆగిపోతోంది. ఉన్నవి ఆరక్షరాలే కదా! ఆఖరుది, ఉచితంగా ఎక్కడ పెట్టుకోవాలి?

పాత_మౌస్
పేజ్‌మేకర్ 6.5 నుంచి ఈ పనిలో ఉన్నాను బాబూ. మీరంతా పుట్టకముందు సంగతి. నా మాట విను, యూనికోడ్ (అన్ని ఫోన్లూ కంప్యూటర్లూ ఒకేలా గుర్తించే అక్షరాల పద్ధతి) జోలికి పోకు. కార్డు తయారుచేసి బొమ్మగా మార్చి పెట్టెయ్. వత్తు తెగదు, ఫాంట్ మారదు, గొడవ లేదు.

గోళీసోడా
పాత మౌస్ గారూ, బొమ్మగా పెడితే పేరు మార్చడం ఎలాగండీ? తమ్ముడు చేస్తున్నదే పేర్లు మార్చి చూసుకునే పేజీ. పైగా బొమ్మలో ఉన్న అక్షరాల్ని మామూలుగా వెతకలేం, కాపీ చేయలేం, కంటిచూపు లేనివాళ్లకు ఫోన్ సరిగ్గా చదివి వినిపించలేదు.
తమ్ముడూ, మండలికి ఒకే బరువు (గీత మందం) ఉంది. బోల్డ్ అడిగితే బ్రౌజర్ తనే మందం పూసేస్తుంది, అందుకే కడుపులు పూడుతున్నాయి. నోటో సాన్స్ తెలుగు గానీ అనేక్ తెలుగు గానీ తీసుకో, వాటిలో సన్నం నుంచి లావు దాకా అన్నీ ఉన్నాయి. శీర్షికకు రామభద్ర పెట్టు, అది పుట్టుకతోనే లావు. ఇటాలిక్ మాత్రం పెట్టకు. తెలుగు పక్కకి వాలితే నిద్రమత్తులో ఉన్నట్టుంటుంది.

ఉప్పుచేప
తెనాలి వాడివై ఉండి మండలి ఏమిటి? గూగుల్ ఫాంట్స్‌లో తెనాలి రామకృష్ణ ఫాంటే ఉంది. పెద్దన, తిమ్మన, ధూర్జటి కూడా ఉన్నారు. సగం భువనవిజయం అక్కడే కూర్చుంది.

బైట్_బాబ్జీ
అక్షరాల హద్దు గురించి. శ్రీ అంటే నాలుగు. శ, పొల్లు, ర, దీర్ఘం. జావాస్క్రిప్ట్‌లో లెంగ్త్ (పొడవు) అడిగి చూడు, 4 అంటుంది. యూటీఎఫ్-8లో (అక్షరాల్ని కంప్యూటర్ దాచుకునే పద్ధతి) తెలుగు గుర్తు ఒక్కోటి 3 బైట్లు, కాబట్టి మొత్తం 12 బైట్లు. నీ పేరులో ఆరు కాదు, 18 ఉన్నాయి. హద్దు 40కి పెంచు, పని అయిపోతుంది. చిన్న విషయం.

ఛందస్సు_మాస్టారు
శ్రీ నాలుగు అక్షరాలా? ఎవరు చెప్పారు నాయనా! శ్రీ ఒకే అక్షరం, గురువు. ముప్ఫై ఏళ్లు పిల్లలకు గణ విభజన చెప్పాను. పద్యం మొదట శ్రీ పెట్టి నాలుగని లెక్కేసుకుంటే పాదం ఎక్కడ తేలుతుంది?

బైట్_బాబ్జీ
మాస్టారూ, పద్యం గొడవ ఇక్కడెందుకండీ. కంప్యూటర్‌కి గురువూ లఘువూ తెలియవు.

ఛందస్సు_మాస్టారు
తెలియకపోతే నేర్పాలి. తెలియని యంత్రం చెప్పిందని భాషను నరికేస్తామా? 'శ్రీలక్ష్మీప్రస' అని కార్డు అచ్చయితే పెళ్లికూతురి తండ్రి ఊరుకుంటాడా?

బైట్_బాబ్జీ
అందుకే 40కి పెంచమన్నాను! పైన రాసింది చదవకుండా మీద పడిపోతే ఎలా?

పాత_మౌస్
బొమ్మ పెట్టమంటే వినలేదు. అనుభవించండి.

స్వాతి_సీఎస్ఎస్
ఇద్దరూ కాస్త ఆగండి. బాబ్జీ గారి లెక్క తప్పు కాదు, ఆయన కొలిచింది కంప్యూటర్ దాచుకునే గుర్తుల్ని. మాస్టారు చెప్పేది మనిషి కంటికి కనిపించే అక్షరం. 40కి పెంచితే మాత్రం సమస్య తీరదు. కార్డులో చోటు కనిపించే అక్షరాల్ని బట్టి నిండుతుంది. 40 గుర్తులంటే గుణింతాలూ వత్తులూ లేని పేరుకి నలభై అక్షరాలు, వత్తులున్న పేరుకి పన్నెండో పదమూడో.
తమ్ముడూ, నువ్వు గడికి పెట్టిన మ్యాక్స్‌లెంగ్త్ హద్దు తీసెయ్. మాటని కంటికి కనిపించే అక్షరాలుగా విడగొట్టే ఇంటిల్ డాట్ సెగ్మెంటర్ అని జావాస్క్రిప్ట్‌లోనే ఉంది, భాష 'టీఈ' (తెలుగు) అని ఇచ్చి దానితో లెక్కపెట్టు. ఫైర్‌ఫాక్స్‌లో 2024లో వచ్చింది, మిగతా పెద్ద బ్రౌజర్లలో అంతకుముందే ఉంది. శ్రీని ఒకటే అంటుంది.

ఉప్పుచేప
మా అమ్మ ఫోన్‌లో వేసి చూశాను. రెండు అంటోంది!! ఇప్పుడు మూడో పార్టీ దిగింది.

స్వాతి_సీఎస్ఎస్
పాత ఫోన్ అయ్యుంటుంది. పాత నియమంలో పొల్లు దగ్గర తెగేది, 'శ్' ఒకటి, 'రీ' ఒకటి. 2023లో వచ్చిన యూనికోడ్ 15.1లో వత్తుల్ని కలిపి ఒక్కటిగా చూసే నియమం చేర్చారు, తెలుగు కూడా అందులో ఉంది. కొత్త బ్రౌజర్లలో ఒకటి వస్తుంది.

ఛందస్సు_మాస్టారు
అంటే 2023కి నా మాట దగ్గరికి వచ్చారన్నమాట. సంతోషం.

బైట్_బాబ్జీ
లెంగ్త్ ఇప్పటికీ 4 మాస్టారూ. నేను అన్నది అదే.

కరీంనగర్_కుర్సీ
తమ్మీ, పెండ్లి పత్రికలు ఇంకెవరు కొట్టిస్తున్నరు? అందరూ వాట్సాప్‌ల వీడియో పంపుతున్నరు. ఇది నేర్చుకునే బదులు వీడియో ఎడిటింగ్ పట్టుకో.

పాత_మౌస్
ఎవరు కొట్టిస్తున్నారా? పసుపు రాసిన కార్డు దేవుడి దగ్గర పెట్టి, ఇంటింటికీ వెళ్లి బొట్టు పెట్టి ఇచ్చేవాళ్లు కొట్టిస్తున్నారు. ఫోన్‌కి పసుపు రాస్తారా మీరు? పొట్ట మీద కొట్టే మాటలు మాట్లాడకండి.

కరీంనగర్_కుర్సీ
కోపం ఎందుకన్నా, ఉన్న మాట అన్న.

గుంటూరు_గోంగూర
మ్యాటర్ మార్చడం గురించి ఎవరూ మాట్లాడట్లేదే! నేను మా తాతయ్య శతకం మార్చాను, మూడు నెలలు పట్టింది. అను ఫైల్‌లో ఉన్నవి నిజానికి ఇంగ్లీషు గుర్తులే, ఫాంట్ వాటికి తెలుగు తొడుగు వేస్తుంది. తొడుగు తీస్తే మిగిలేవే నీ పిచ్చి గీతలు. కన్వర్టర్లు ఉన్నాయి కానీ గుడ్డిగా నమ్మకు. అచ్చు ఫాంట్‌లో కంటికి ఎలా కనిపిస్తే అలా పేరుస్తారు: 'కి' కొట్టి పక్కన రవత్తు. యూనికోడ్‌లో 'క్రి' అంటే క, పొల్లు, ర, ఆ తర్వాతే గుడి. ఈ వరస సరిగ్గా తిప్పకపోతే గుడి ఒక చోట, వత్తు ఒక చోట తేలతాయి. నేను వాడినదానిలో 'స్త్రీ' ఉన్న ప్రతిచోటా చేత్తో దిద్దాను. శతకం నిండా స్త్రీలే.
కార్డుల్లో తిరిగి తిరిగి వచ్చేవి కొన్నే కదా. 'జానక్యాః కమలామలాంజలిపుటే' శ్లోకం, చి.ల.సౌ., శుభలేఖ, సుముహూర్తం. అవన్నీ ఒక సాయంత్రం కూర్చుని కొత్తగా టైపు చేసుకో. మిగతాది వదిలెయ్.

ఉప్పుచేప
చి.ల.సౌ. అంటే ఏమిటో పెళ్లయ్యేదాకా నాకు తెలియదు. ల అంటే లలిత అనుకున్నాను, మా ఆవిడ అసలు పేరు అదేనేమో అని కంగారుపడ్డాను.

ఛందస్సు_మాస్టారు
చిరంజీవి లక్ష్మీ సౌభాగ్యవతి.

ఉప్పుచేప
ఇప్పుడు తెలుసండీ.

గోళీసోడా
బటన్ వత్తులు: లైన్-హైట్ (వరస ఎత్తు) 1.2 పెట్టి ఉంటావు, అది ఇంగ్లీషుకు చాలు. తెలుగుకు 1.6 నుంచి మొదలుపెట్టు, రెండు వత్తులున్న మాటలకు ఇంకా కావాలి. హద్దు దాటినదాన్ని దాచేసే ఓవర్‌ఫ్లో హిడెన్ తీసెయ్, ఎత్తు పిక్సెళ్లలో బిగించకు. ఉచితంగా పెట్టడానికి గిట్‌హబ్ పేజెస్ (వెబ్ పేజీలు ఉంచుకునే చోటు) చాలు.

తెనాలి_తమ్ముడు
స్వాతి అక్కా, సెగ్మెంటర్ పనిచేసింది! శ్రీలక్ష్మీప్రసన్న ఆరు వచ్చింది. సోడా అన్నా, 1.7 పెట్టాను, వత్తులు తెగట్లేదు. నాన్నకు చూపిస్తే అంతా చూసి, "పేరు పక్కన బీటెక్ అని ఎక్కడ వేస్తావు?" అన్నారు. అమ్మాయి తరఫువాళ్లు డిగ్రీ లేకుండా కార్డు ఒప్పుకోరట. ఇప్పుడు అదొక గడి పెట్టాలి.

బైట్_బాబ్జీ
దాంట్లో ఇంగ్లీషు కొడతారు, చూసుకో. తెలుగు ఫాంట్ పక్కన ఇంగ్లీషు చిన్నగానో పెద్దగానో కనిపిస్తుంది.

కరీంనగర్_కుర్సీ
తమ్మీ, అన్నది మనసుల పెట్టుకోకు గానీ, వంద పత్రికలకు ఎంత అయితది? మా చెల్లె పెండ్లి మాఘమాసంల ఉంది. అమ్మ పత్రిక కావాల్నంటోంది.

పాత_మౌస్
హహ్హహ్హ.

తెనాలి_తమ్ముడు
రేటు చెప్పే అధికారం నాకు లేదన్నా. నాన్నను అడిగి రేపు చెప్తాను. లైటు ఆరిపోయింది.