అమైనో యాసిడ్ మందును మిర్చి నిజంగా తీసుకుంటుందా?

నర్సంపేట మిర్చి: పంట పూత మీద ఉంది. షాపాయన అమైనో యాసిడ్ డబ్బా ఇచ్చి "యూరియా అయితే మొక్క వండుకోవాలి, ఇది వండిన అన్నం" అన్నాడు. మా తమ్ముడేమో అంత పెద్ద అణువు కణంలోకి పోదు, పైసలు దండగ అంటున్నాడు. ఎవరి మాట నమ్మాలి?

హనుమకొండ బాటనీ: పోతుందన్నా. కణపొరలో అమైనో ఆమ్లాల కోసమే రవాణా ప్రోటీన్లున్నాయి. కణం ముందు ఏటీపీ (కణానికి శక్తినిచ్చే అణువు) ఖర్చు పెట్టి ప్రోటాన్లను, అంటే ధనావేశమున్న హైడ్రోజన్ అయాన్లను, బయటికి తోస్తుంది. దాంతో పొర బయట ఆమ్లగుణం, లోపల రుణావేశం పెరుగుతాయి. ప్రోటాన్ తిరిగి లోపలికి వచ్చేటప్పుడు ఆ ప్రోటీన్ దానితోపాటు అమైనో ఆమ్లాన్నీ లోపలికి తెస్తుంది. అందుకే బయట చాలా పలచగా ఉన్నా కణం చేర్చుకోగలదు. ఇలాంటి ఏఏపీ1 అనే రవాణా ప్రోటీన్ జన్యువు అరాబిడాప్సిస్ అనే, పరిశోధనల్లో వాడే చిన్న మొక్కలో 1993లోనే దొరికింది. ఎల్‌హెచ్‌టీ1 అనే ఇంకొకటి వేరు పైపొరలోనూ, ఆకు లోపలి కణాల్లోనూ పనిచేస్తుందని 2006లో తేలింది.

పరకాల పత్తి: సార్, కణం తీసుకోవడం వేరు, పంటకు సరిపోవడం వేరు. లీటరుకు 2 మి.లీ. చొప్పున ఎకరానికి 200 లీటర్లు కొడితే 400 మి.లీ. మందు. అందులో 20 శాతం అమైనో ఆమ్లాలుంటే 80 గ్రాములు. అదంతా గ్లైసిన్ (అన్నిటికంటే చిన్న అమైనో ఆమ్లం) అనుకున్నా నత్రజని 15 గ్రాములే! 45 కిలోల యూరియా బస్తాలో 20 కిలోలకు పైనే ఉంటుంది. పైగా ఆకు మీద మైనపు పొర దాటాలి. నేలలో పోద్దామంటే సూక్ష్మజీవులే ముందు తినేస్తాయి. వేర్లు అమైనో ఆమ్లాలను బాగా వాడుకుంటాయని చూపించిన పరిశోధనలు చాలావరకు నైట్రేట్ తక్కువుండే చలిదేశాల నేలల్లోవి. యూరియా వేసిన మన నల్లరేగడికి ఆ లెక్క వర్తించదు.

హనుమకొండ బాటనీ: నేను దాన్ని యూరియాకు బదులు అనడం లేదు. గ్లూటమేట్ అనే అమైనో ఆమ్లం తగిలితే కణంలో కాల్షియం పెరిగి సంకేతం మొదలవుతుంది. దానికి కిలోలు అక్కర్లేదు. డబ్బాల్లో అన్నీ ఆ పని చేస్తాయని మాత్రం చెప్పను. ఇలాంటి జీవ ఉత్ప్రేరకాలను (బయోస్టిమ్యులెంట్లను) కేంద్రం 2021లో ఎరువుల నియంత్రణ ఉత్తర్వు కిందికి తెచ్చింది. కొనేముందు డబ్బా మీద అమైనో ఆమ్లాలు ఎంత శాతమో చూడండి.

ములుగు అక్క: మా చేనులో కొట్టిన వారంలోనే చిగురు బాగా వచ్చింది సార్. కళ్లారా చూసినదాన్ని కాదంటారా?

పరకాల పత్తి: చూసింది నిజమే అక్కా. అదే ట్యాంకులో ఇంకేం కలిపారు?

ములుగు అక్క: 19-19-19 ఎరువు, తామర పురుగు మందు.

పరకాల పత్తి: మరి చిగురు దేనివల్ల వచ్చిందో ఎలా తెలుస్తుంది? తామర పురుగు తగ్గితేనే ముడత పోయి చిగురు సాగుతుంది. పెట్టుబడి ఇప్పటికే నెత్తిన టెన్షన్‌గా ఉన్న రైతుకు ఇంకో డబ్బా అంటగట్టేముందు షాపులవాళ్లు ఈ ప్రశ్న అడగాలి.

నర్సంపేట మిర్చి: సరే అన్నా. మిగతా మందులన్నీ చేనంతా ఒకేలా కొట్టి, అమైనో యాసిడ్ మాత్రం గట్టు పక్క పది సాళ్లకు ఆపుతా. ఆ సాళ్ల కాయ విడిగా ఏరించి, విడిగా తూకం వేయిస్తా.