పాత సిటీ వీటెక్‌కి టర్బో: ఇంజిన్ విప్పకుండ పెట్టొచ్చా?

పాలమూరు_వీటెక్:
బండి 2002 హోండా సిటీ 1.5 వీటెక్, కంపెనీ లెక్క 106 పీఎస్ (దాదాపు హార్స్‌పవర్ లెక్కనే). మహబూబ్‌నగర్‌లనే ఉంటది, ఎక్కువ తిరిగేది భూత్పూర్ నుంచి పెబ్బేరు దాక హైవే మీద. ఎగ్జాస్ట్ బలంతోని తిరిగి ఇంజిన్‌లకు గాలి ఒత్తే టర్బో పెట్టియ్యాలని ఉంది, బూస్ట్ (మామూలు గాలి మీద అదనపు ఒత్తిడి) 0.4 బార్. ఒక గ్యారేజ్ వాళ్లు ఇంజిన్ విప్పే పని లేదు, ఇంటర్‌కూలర్ (ఒత్తిన గాలిని చల్లార్చేది) అక్కర్లేదు, ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) మార్చకుండ మ్యాప్ సెన్సర్ (ఇంజిన్‌లకు పోయే గాలి ఒత్తిడి కొలిచేది) పైపుల చెక్ వాల్వ్ (ఒక్క దిక్కే గాలిని పోనిచ్చేది) ఏస్తే చాలంటున్నరు. ఇంకో మెకానిక్ రాడ్లు (పిస్టన్‌ను క్రాంక్‌కు కలిపేవి), పిస్టన్లు మార్చనిది టర్బో ముట్టొద్దంటున్నడు. ఎవరి మాట పట్టుకోవాలె?

నల్లగొండ_టార్క్:
తమ్మీ, గ్యారేజ్ వాళ్లు చెప్పిన మూడింట్ల ఇంజిన్ విప్పే పని లేదన్నది ఒక్కటే నిలబడే మాట. మిగతా రెండూ ఇంజిన్‌ను తినేసేవే.

ముందు చెక్ వాల్వ్ సంగతి. ఈ హోండాల గాలిని నేరుగా కొలిచే మీటర్ ఉండదు. మానిఫోల్డ్ (ఇంజిన్‌లకు గాలి పోయే గొట్టం) ఒత్తిడి, గాలి వేడి, ఆర్పీఎం చూసి ఈసీయూ పెట్రోల్ లెక్క కడతది. బూస్ట్ కనవడితే ఎర్రర్ కోడ్ ఇస్తది కాబట్టి, చెక్ వాల్వ్ పెట్టి ఆ బూస్ట్‌ను సెన్సర్‌కు కనవడనియ్యరు. కోడ్ రాదు, నిజమే. కానీ గాలి ఎక్కువ పోతున్నా ఈసీయూకు తెల్వదు, పెట్రోల్ పెంచదు, టైమింగ్ (ప్లగ్ నిప్పు ఇచ్చే క్షణం) వెనక్కి తియ్యదు. లీన్ మిక్చర్‌కు (గాలికి పెట్రోల్ చాలకపోవుడు) ముందుకున్న టైమింగ్ తోడైతే నాకింగ్ (పెట్రోల్ తనంతట తాను భగ్గుమని సిలిండర్‌ల దెబ్బ కొట్టుడు) మొదలైతది. మొదట విరిగేది పిస్టన్ మీద రింగుకు రింగుకు నడుమ ఉండే సన్న గోడ.

ఇంటర్‌కూలర్ లెక్క చూడు. మే నెలల మన దగ్గర బయటి గాలే 44 డిగ్రీలు. 70 శాతం సామర్థ్యం ఉన్న కంప్రెసర్ 0.4 బార్ ఒత్తితే ఆ గాలి ఇంకో 46 డిగ్రీలు ఎక్కుతది, అంటే 90 డిగ్రీల గాలి సిలిండర్‌లకు పోతది. అట్ల వేడెక్కిన గాలి ఒత్తిడి 40 శాతం పెరిగినా దాని బరువు పెరిగేది 22 శాతమే. అదే ఇంటర్‌కూలర్ పెట్టి 58 డిగ్రీలకు దించితే 34 శాతం పెరుగుతది, నాకింగ్ భయమూ తగ్గుతది. ఎయిర్ ఫిల్టర్ ఇంజిన్ వేడి పీల్చే చోట ఉంటే 44 కాదు, 60 నుంచే లెక్క మొదలైతది. బంపర్ వెనక చల్లగాలి తగిలే చోట పెట్టాలె.

ఇంజెక్టర్లు: టర్బో ఇంజిన్‌కు ఒక్కో హార్స్‌పవర్‌కు గంటకు దాదాపు 270 గ్రాముల పెట్రోల్ వేసుకో. 140 హార్స్‌పవర్‌కు గంటకు 38 కిలోలు. నాలుగు ఇంజెక్టర్లకు పంచి, 85 శాతం డ్యూటీ (ఇంజెక్టర్ తెరిచి ఉండే సమయం) దాటకుండ చూస్తే ఒక్కోటి నిమిషానికి 250 సీసీ ఇయ్యాలె. ఈ తరం హోండా ఇంజెక్టర్లు 240 సీసీ దగ్గర. అంటే అంచు మీద కూడ లేవు, కిందున్నయి. 440 సీసీవి వెయ్యి, పంప్ గంటకు 255 లీటర్లది చాలు. ఈసీయూకు మనమే ట్యూన్ చేసుకునే మెగాస్క్విర్ట్ గాని స్పీడ్యూనో గాని, 3 బార్ మ్యాప్ సెన్సర్, బాష్ ఎల్ఎస్‌యూ 4.9 వైడ్‌బ్యాండ్ (ఎగ్జాస్ట్ చూసి గాలి, పెట్రోల్ పాళ్లు కొలిచే సెన్సర్). టర్బో కొనకముందే ఈ సామాన్ల పైసలు పక్కకు తీయి.

దేవరకొండ_గేర్‌బాక్స్:
లెక్కలన్నీ ఒప్పుకుంట, కానీ ఇంజిన్ విప్పొద్దనే మాట ఒప్పుకోను. ఇది 75 మిల్లీమీటర్ల బోర్, 84.5 స్ట్రోక్ ఉన్న డీ15 (హోండా ఇంజిన్ పేరు). ఓపెన్ డెక్ బ్లాక్ (సిలిండర్ల పై అంచుకు చుట్టూ ఆసరా లేనిది), రాడ్లు సన్నయి. అందులో ఇరవై ఏండ్లు దాటిన ఇంజిన్. బేరింగ్ గ్యాప్ ఎంతుందో, ఆయిల్ పంప్ ఎట్లుందో చూడకుండ బూస్ట్ ఎక్కిస్తే ఎట్ల? విప్పినప్పుడు టాప్ రింగ్ గ్యాప్ 0.35 నుంచి 0.38 మిల్లీమీటర్ల దాక పెట్టుకోవచ్చు. గ్యాప్ చాలకపోతే వేడికి రింగు కొసలు ఒకదానికొకటి తగిలి, రింగు సిలిండర్ గోడను గీకుతది. హెడ్‌కు కొత్త గ్యాస్కెట్, ఏఆర్‌పీ కంపెనీ గట్టి స్టడ్లు (బోల్టులు) కూడ అప్పుడే పడతయి.

ఇంకోటి, మన జిల్లాల బోరు నీళ్లు. రేడియేటర్ల ఏండ్ల తరబడి బోరు నీళ్లు పోసిన బండ్లల్ల బ్లాక్ లోపల తెల్లటి గార కట్టి ఉంటది. బయటికి టెంపరేచర్ ముల్లు సరిగ్గనే చూపిస్తది, బూస్ట్ మీద నాలుగో సిలిండర్ వెనక నీళ్లు ఆవిరైతయి. హెడ్ తియ్యకుండ ఆ గార కనవడదు.

నల్లగొండ_టార్క్:
గార మాట నూటికి నూరు పాళ్లు నిజం. రేడియేటర్ కోర్ మార్చి, బ్లాక్ ఫ్లష్ చేసి, డిస్టిల్డ్ వాటర్‌ల సగం సగం కూలెంట్ కలిపి పొయ్యాలె. కానీ విప్పాల్నా వద్దా అన్నది వయసు చూసి కాదు, పరీక్ష చూసి తేల్చాలె. ఇంజిన్ వేడి మీద, థ్రాటిల్ పూర్తిగ తెరిచి కంప్రెషన్ చూడు. నాలుగు సిలిండర్ల నడుమ తేడా 10 శాతం దాటొద్దు. లీక్‌డౌన్ (సిలిండర్‌లకు గాలి ఎక్కిస్తే కారిపోయే వాటా) 15 శాతం లోపల ఉండాలె. ఆయిల్ ప్రెషర్ మెకానికల్ గేజ్ పెట్టి కొలువు. ఇవి పాసైతే 0.4 బార్‌కు విప్పే పని లేదు. పాత ఇంజిన్‌ల రింగ్ గ్యాప్ అరిగి ఎట్లనో పెద్దగనే అయి ఉంటది, కొసలు తగిలేంత బిగువు ఉండదు.

రాడ్ల విషయంల: రాడ్డును వంచేది కింది ఆర్పీఎంల ఒక్కసారి వచ్చే టార్క్. 2,000 దగ్గరనే ఫుల్ బూస్ట్ ఇచ్చే బుల్లి టర్బో పెట్టి ఐదో గేర్‌ల తొక్కితే వంగుతయి. 3,200 తర్వాత మెల్లగ ఎక్కేటట్టు వేస్ట్‌గేట్ (బూస్ట్‌ను అదుపు చేసే తలుపు) సెట్ చేసి, 140, 145 హార్స్‌పవర్ దగ్గర ఆపితే నిలుస్తయి.

పాలమూరు_వీటెక్:
డీజిల్ బండి స్క్రాప్ టర్బో సస్తగ దొరుకుతున్నది. అది నడుస్తదా? లేకుంటే సూపర్‌చార్జర్ మేలా?

దేవరకొండ_గేర్‌బాక్స్:
డీజిల్ టర్బో వద్దు. డీజిల్ ఎగ్జాస్ట్ 800 డిగ్రీల చుట్టుపక్కల ఉంటది, పెట్రోల్‌ది ఫుల్ లోడ్‌ల 950 దాటతది. హౌసింగ్ పగుళ్లు పడతది. వీజీటీ (లోపల రెక్కలు కదిలే రకం) అయితే ఇంక ముందే ఆ రెక్కలు పట్టేస్తయి. పెట్రోల్ బండికి చేసిన టీడీ04 సైజుది చూసుకో. సూపర్‌చార్జర్‌కు ఎగ్జాస్ట్ వేడి తలనొప్పి లేదు గని, బెల్ట్ తిప్పే బలం ఇంజినే ఇయ్యాలె. ఈటన్ కంపెనీది లాంటి రూట్స్ రకం (రెండు రోటర్లతోని గాలి నెట్టేది) గాలిని ఇంకా ఎక్కువ వేడి చేస్తది. మన ఎండలకు నేనైతే టర్బోనే అంట.

పెట్టేటప్పుడు ఎక్కువ మంది చెడగొట్టేది ఆయిల్ రిటర్న్ (టర్బో నుంచి ఆయిల్ వెనక్కి దిగే దారి). ఫీడ్‌ను ప్రెషర్ స్విచ్ దగ్గర టీ పెట్టి తీస్తరు, అది సులువు. రిటర్న్ పైపు లోపలి వ్యాసం కనీసం 14 మిల్లీమీటర్లు ఉండాలె, ఎక్కడా పైకి లేవకుండ కిందికే దిగాలె, సంప్‌ల (ఇంజిన్ కింది ఆయిల్ తొట్టి) ఆయిల్ మట్టానికి పైన కలవాలె. మట్టం కింద వెల్డ్ చేస్తే ఆయిల్ దిగక సీల్ దాటి ఎగ్జాస్ట్‌లకు వస్తది. నీలి పొగ చూసి టర్బో పోయిందని విప్పుతరు, తప్పు మాత్రం పైపుదే. పీసీవీకి (క్రాంక్‌కేస్ ఆవిరి బయటికి తీసే పైపు), బ్రేక్ బూస్టర్ పైపుకు మంచి చెక్ వాల్వ్‌లు ఉన్నయో లేదో కూడ చూడు. పీసీవీది లీకైతే బూస్ట్ క్రాంక్‌కేస్‌లకు పోయి డిప్‌స్టిక్ ఎగదన్నుతది.

సూర్యాపేట_స్టీరింగ్:
ఇంజిన్ నిలుస్తుందా లేదా అనే వాదనకు ముందు చట్టం చూడండి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ అసలు వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. సెక్షన్ 182ఏ కింద ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు. పదిహేనేళ్లు దాటిన బండి కాబట్టి రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కు ఆర్టీఏ ముందుకు తీసుకెళ్లాల్సిందే. ప్రమాదం జరిగితే బీమా కంపెనీ క్లెయిమ్ తిరస్కరించడానికి ఈ టర్బో ఒక్కటి చాలు. అవతలి మనిషికి దెబ్బ తగిలితే ఆ భారం మీ మీద పడే ప్రమాదం ఉంది. ట్రాక్ మీదికే అయితే నాకు అభ్యంతరం లేదు. 44వ నంబరు హైవే మీదికైతే నా సమాధానం వద్దు అనే.

ఇంకో మాట. ఇప్పుడు బంకుల్లో వచ్చేది ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్). మామూలు పెట్రోల్‌కు సరైన గాలి నిష్పత్తి 14.7 అయితే, దీనికి 13.5 దగ్గర. అంటే పైన చెప్పిన 250 సీసీ లెక్క 270 దాటుతుంది. పాత రబ్బరు పైపులు ఇథనాల్‌కు మెత్తబడతాయి, ట్యాంకులోని తుప్పు కదిలి ఫిల్టర్ మూసుకుంటుంది. బూస్ట్‌లో ఉండగా ఫిల్టర్ మూసుకుంటే అదే లీన్, అదే నాకింగ్.

నల్లగొండ_టార్క్:
చట్టం మాట కాదనలేను. రోడ్డు బండికి పెట్టమని నేనూ అనను, ట్రాక్ కోసమైతేనే పైన చెప్పిందంతా. ఈ20 మీద ఒక్కటి: వైడ్‌బ్యాండ్ కొలిచేది లాంబ్డా (సరైన గాలి నిష్పత్తితోని పోలిస్తే ఎంతుందో, 1 అంటే సరిగ్గ), గేజ్ దాన్ని 14.7తోని గుణించి చూపిస్తది. అందుకే గేజ్ మీద ఏ పెట్రోలైనా 11.8 అంటే లాంబ్డా 0.80 అనే అర్థం. ఈ20 కదా అని గేజ్‌ను 10.8కి దించితే లాంబ్డా 0.73 అయితది, ప్లగ్గులు నల్లబడతయి, మిస్‌ఫైర్ వస్తది. నంబర్లు పక్కన పెట్టి లాంబ్డా మీదనే ట్యూన్ చెయ్యి. ఎన్‌జీకేల ఒక మెట్టు చల్లటి ప్లగ్, గ్యాప్ 0.7 మిల్లీమీటర్లు. టైమింగ్ ఒక్కో పీఎస్ఐకి ఒక డిగ్రీ వెనక్కి తీసి మొదలు పెట్టి, డైనో (బండి పవర్ కొలిచే మెషిన్) మీదనే ముందుకు జరుపు, అదీ ఎండకాలం మధ్యాహ్నం. జనవరి పొద్దుగాల చేసిన ట్యూన్ మే నెలల పనికిరాదు.

దేవరకొండ_గేర్‌బాక్స్:
రాడ్ల మీద నా మాట నాదే. కానీ పరీక్ష చేసి చూడమన్నది సరే. తమ్మీ, ముందు కంప్రెషన్, లీక్‌డౌన్, ఆయిల్ ప్రెషర్ అంకెలు ఇక్కడ పెట్టు. టర్బోకు అడ్వాన్స్ అప్పుడే ఇయ్యకు.