చర్చ: నైజీరియన్ విద్యార్థికి ఇల్లు ఇవ్వనంటే అది ఓనర్ ఇష్టమేనా?

తార్నాక పీజీ (చర్చ మొదలుపెట్టినవారు)

మా క్లాస్‌మేట్ ఒకతను నైజీరియాలోని ఇబాదాన్ నుంచి వచ్చాడు. హైదరాబాద్‌లో ఎమ్మెస్సీ రెండో ఏడాది చదువుతున్నాడు. ఇప్పుడున్న ఇల్లు అమ్మేస్తున్నామని ఓనర్ నెల గడువు ఇచ్చారు. మూడు ఆదివారాలుగా అతనితో కలిసి తిరుగుతున్నాను. తార్నాక, హబ్సిగూడ, నాచారం, విద్యానగర్ అన్నీ చూశాం. మొత్తం 17 టులెట్ బోర్డులు. ఫోన్‌లో నేను మాట్లాడితే పోర్షన్ ఖాళీగానే ఉందంటారు. ఇద్దరం గేటు దగ్గరికి వెళ్లేసరికి "ఇప్పుడే ఇచ్చేశాం బాబూ" అంటారు. 11 చోట్ల ఇదే జరిగింది. ఒక పెద్దావిడ మాత్రం ఉన్నమాట చెప్పింది: "నువ్వైతే ఇస్తాను, అతనికి వద్దు." మెట్లు దిగుతుంటే ఆవిడ ఏమందని అతను నన్ను అడగలేదు. "వద్దు" అనే మాట అతనికి ఎప్పుడో వచ్చేసింది.

ఇల్లు నాది, ఎవరికిస్తానో నా ఇష్టం అనే మాట చాలామంది దగ్గర విన్నాను. నేను ఒప్పుకోను. ఎందుకో చెబుతాను.

మనకు అద్దె ఇల్లు దొరక్కపోతే హాస్టల్‌కో చుట్టాల ఇంటికో పోతాం. విదేశీ విద్యార్థికి అద్దె అగ్రిమెంట్ అంటే తల మీద కప్పు ఒక్కటే కాదు, మిగతా కాగితాలన్నీ దాని మీదే నిలబడతాయి. అతను ఇంట్లో దిగిన 24 గంటల్లో ఇంట్లో విదేశీయుడు ఉంటున్నాడని ఓనర్ ఆన్‌లైన్‌లో ఒక ఫారం నింపాలి, అందరూ ఫారం-సి అనేది దాన్నే. 180 రోజులకు మించిన స్టూడెంట్ వీసా మీద వచ్చినవాళ్లు వచ్చిన 14 రోజుల్లోపు ఎఫ్‌ఆర్‌ఆర్‌ఓలో, అంటే విదేశీయుల నమోదు కార్యాలయంలో, పేరు నమోదు చేసుకోవాలి. దానికీ, తర్వాత వీసా పొడిగింపుకీ ఉంటున్న చోటు రుజువు అడుగుతారు. బ్యాంకు ఖాతాకీ అంతే. పాస్‌పోర్టు, వీసా చూపిస్తే ఖాతా తెరుస్తారు కానీ 30 రోజుల్లో ఇక్కడి చిరునామా కాగితం ఇవ్వాలి. అప్పటిదాకా విదేశం నుంచి 1,000 డాలర్లకు మించి రాకూడదు, నెలకు 50,000 రూపాయలకు మించి తీయకూడదు.

మనం ఇల్లు ఇవ్వకపోతే అతనికి చిరునామా లేదు. చిరునామా లేకపోతే పొడిగింపు లేదు. గడువు దాటిన మర్నాటి నుంచి అతను చట్టవిరుద్ధంగా ఉన్నట్టు. అప్పుడు మళ్లీ మనమే "వీళ్లంతా వీసా లేకుండా ఉంటారు" అంటాం. ఆ స్థితికి అతన్ని నెట్టేది కొంతవరకు మన గేట్లే.

రిటైర్డ్ ఇంటి ఓనర్

బాబూ, నీ బాధ అర్థమైంది. మా వైపు కూడా విను. కింద మేమిద్దరం, పైన రెండు పోర్షన్లు. పెన్షన్‌కు తోడు ఆ అద్దెతోనే మందులు, ఖర్చులు గడుస్తాయి. కొన్నేళ్ల కిందట ఒక విదేశీ కుర్రాడికి ఇచ్చాను. నైజీరియా కాదు, వేరే దేశం. మంచివాడే. ఈ ఫారం-సి అనేది ఒకటుందని నాకు బ్రోకర్ చెప్పలేదు, ఆ అబ్బాయీ చెప్పలేదు. వెరిఫికేషన్‌కు వచ్చినప్పుడు తప్పు నాదే అన్నారు. మూడుసార్లు స్టేషన్‌కి తిరిగాను. 64 ఏళ్ల వయసులో బెంచీ మీద కూర్చోబెట్టారు. మా ఆవిడకు ఆ టెన్షన్‌తో బీపీ పెరిగింది. పేపర్లో కొకైన్ కేసు అని నైజీరియన్ల ఫొటోలు వేస్తుంటే ఆమె నాకు చూపిస్తుంది. ఈ భయం నేను కల్పించుకున్నది కాదు.

ఎల్బీనగర్ వాసి

ఓనర్ గారు చెప్పింది నూటికి నూరు శాతం నిజం. డ్రగ్స్ కేసుల్లో ఎవరు దొరుకుతున్నారో అందరికీ తెలుసు. నగరంలో పోలీసులు ఎంతమందిని పట్టుకుని వాళ్ల దేశానికి పంపించలేదు? పిల్లలున్న ఇంట్లో రిస్క్ ఎందుకు తీసుకోవాలి? వివక్ష అని పెద్ద మాటలు వద్దు. ఇక్కడ బ్యాచిలర్స్‌కే ఇవ్వరు, మాంసం తినేవాళ్లకే ఇవ్వరు.

తార్నాక పీజీ

కేసులు నిజమే, దాచను. అరెస్టులు జరిగాయి, వెనక్కి పంపడాలూ జరిగాయి. కానీ నేరం చేసినవాడి పేరు మీద పడాల్సిన మచ్చ పాస్‌పోర్టు మీద పడితే ఏమవుతుందో మనకు తెలియని సంగతి కాదు. 2017 ఫిబ్రవరి 22న అమెరికాలోని కాన్సస్‌లో, ఓలేత్ ఊళ్లో, మన హైదరాబాద్ ఇంజనీర్ కూచిభొట్ల శ్రీనివాస్‌ను ఒకడు కాల్చి చంపాడు. నా దేశం నుంచి పొండి అని అరిచి మరీ కాల్చాడు. ఇరానీయులను కాల్చానని అనుకున్నాడు. అతనికి మనిషి ఎవరైనా ఒకటే, రంగు చాలు. బాచుపల్లిలో వాళ్ల ఇంటి ముందు జనం ఎలా నిలబడ్డారో నాకు ఇంకా గుర్తుంది.

ఆ తర్వాత నెల తిరిగిందో లేదో, మార్చి 27న, గ్రేటర్ నోయిడాలో నైజీరియన్ విద్యార్థులను మాల్‌లో గుంపుగా పడి కొట్టారు. పన్నెండో తరగతి కుర్రాడు ఒకడు చనిపోయాడు, డ్రగ్స్ వల్లే అన్నారు, పక్కింటి ఐదుగురు నైజీరియన్లను అనుమానించారు. పోలీసులు ఆ ఐదుగురిని ఆధారాలు లేక వదిలేశారు. దెబ్బలు తిన్నవాళ్లకు ఆ కేసుతో ఏ సంబంధమూ లేదు, మాల్‌కి వచ్చారంతే. ఈ రెండు సంఘటనలనూ పక్కపక్కన పెట్టి చూడండి, నేను అడిగేది అంతే.

బ్యాచిలర్స్‌కు ఇవ్వరన్నారు, నిజమే. నేనూ పడ్డాను ఆ కష్టం. కానీ నాకు నాలుగో ఇంట్లో దొరికింది.

మిడిల్స్‌బ్రో తెలుగు

ఇంగ్లండ్ నుంచి రాస్తున్నాను. మాది ఖమ్మం. మాస్టర్స్‌కు వచ్చినప్పుడు ఇల్లు దొరకలేదు. బ్రిటన్‌లో ఉండి హామీ ఇచ్చేవాడు, అంటే గ్యారంటర్, కావాలన్నారు. లేకపోతే ఆరు నెలల అద్దె ముందే కట్టమన్నారు. ఖమ్మంలో మా నాన్న ఎక్కడ, ఇక్కడ గ్యారంటర్ ఎక్కడ? చివరికి ఐదుగురం కలిసి ఒక ఇల్లు తీసుకున్నాం. ముగ్గురం తెలుగువాళ్లం, ఇద్దరు నైజీరియాలోని లేగోస్ వాళ్లు. వయసులో పెద్దాయనను మేమంతా అన్నా అనేవాళ్లం, ఆయనకు ఆ పిలుపు నచ్చింది. అడ్వాన్స్ డబ్బును ఓనర్ 30 రోజుల్లో రక్షిత పథకంలో వేయాలని, వేయకపోతే నిలదీయొచ్చని నాకు నేర్పింది ఆయనే.

వాళ్ల కష్టం దగ్గరగా చూశాను. దేశం వదిలి రావడాన్ని వాళ్లు 'జాపా' అంటారు. యొరూబా మాట, తప్పించుకుని పరుగెత్తడం అని అర్థం. 2023 జూన్‌లో వాళ్ల ప్రభుత్వం తమ కరెన్సీ నైరా రేటును మార్కెట్‌కు వదిలేసింది. అంతకుముందు అధికారిక రేటు డాలర్‌కు 460 నైరా దగ్గర ఉండేది. 2024 మార్చికల్లా 1,500 దాటింది. మన లెక్కలో చెప్పాలంటే, లక్ష రూపాయల ఫీజుకు ఇంటి దగ్గర అయిదున్నర లక్షల నైరా సరిపోయేది, ఏడాది తిరగకుండా పదిహేను లక్షలకు పైగా కావాల్సి వచ్చింది. తండ్రి జీతం అక్కడే ఉంది. అంతకుముందే 2022లో చాలా బ్యాంకులు నైరా కార్డు మీద విదేశీ ఖర్చును నెలకు 20 డాలర్లకు కుదించాయి. అన్న రెండో వాయిదా కట్టడానికి రోజూ పడిన యాతన నేను చూశాను. 2024 మేలో మా ఊళ్లోని టీసైడ్ యూనివర్సిటీలో ఫీజు వాయిదాలు తప్పిన నైజీరియన్ విద్యార్థులను చదువు నుంచి ఆపి, వీసాలు చూసే హోమ్ ఆఫీసుకు తెలియజేశారు. వాళ్లు క్యాంపస్‌లో నిరసన చేశారు. ఇక్కడ స్టూడెంట్ వీసా మీద చదువుకునేవాళ్లు టర్మ్‌లో వారానికి 20 గంటలే పని చేయాలి. ఇరవై గంటల జీతంతో ఆ లోటు పూడుతుందా?

ఇండియాలో వాళ్ల పరిస్థితి ఇంకా కష్టం. స్టూడెంట్ వీసా మీద అక్కడ పనే చేయకూడదు. ఇంటి నుంచి వచ్చేది తగ్గితే వేరే దారి లేదు.

ఎల్బీనగర్ వాసి గారూ, మాంసం తినేవాళ్లకు ఇవ్వరన్నారు కదా. కెంట్‌లో వందల ఇళ్లున్న ఒక ఓనర్, కూర వాసన గోడలకు పట్టేస్తుందని చెప్పి భారతీయులకు, పాకిస్తానీలకు ఇళ్లు ఇవ్వొద్దని ఏజెంట్లకు రాశాడు. ఇక్కడి సమానత్వ కమిషన్ కోర్టుకెళ్లింది. 2017 నవంబర్‌లో మెయిడ్‌స్టోన్ కోర్టు అది చట్టవిరుద్ధమని తేల్చింది. ఆ వార్త చదివి మా ఇంట్లో తెలుగువాళ్లం సంతోషించాం. అదే న్యాయం మన గేటు దగ్గర ఎందుకు వర్తించదో నాకు అర్థం కాదు.

కోర్టు మెట్లు

చట్టం సంగతి క్లుప్తంగా. రాజ్యాంగంలో, చట్టం ముందు అందరూ సమానమనే 14వ అధికరణ "ఏ వ్యక్తికైనా" అంటుంది కాబట్టి విదేశీయులకూ వర్తిస్తుంది. జాతి, మతం, కులం ఆధారంగా వివక్ష కూడదనే 15వది పౌరులకు మాత్రమే. పైగా 14 ప్రభుత్వాన్ని కట్టడి చేసేది, ప్రైవేటు ఇంటి ఓనర్‌ను కాదు. బ్రిటన్‌లోని 2010 సమానత్వ చట్టం లాంటిది మనకు లేదు. మన దగ్గర సుప్రీంకోర్టు 2005లో ఒక హౌసింగ్ సొసైటీ సభ్యత్వాన్ని ఒకే మతం వారికి పరిమితం చేయడాన్ని కూడా ఒప్పుకుంది. కాబట్టి చట్టప్రకారం ఓనర్ ఇష్టమే. తార్నాక గారు అడిగేది చట్టం గురించి కాదు, న్యాయం గురించి. రెండూ కలపకండి.

ఇంకో మాట. ఇంగ్లండ్‌లోనూ ఓనర్లు అద్దెకు దిగేవాడి వీసా చూడాలి, చూడకపోతే జరిమానా. దానివల్ల బ్రిటిష్ పాస్‌పోర్టు లేనివాళ్లకు ఇళ్లు దొరకడం లేదని 2019లో హైకోర్టు అంది. మరుసటి ఏడాది అప్పీల్ కోర్టు ఆ తీర్పు కొట్టేసింది, కానీ కొంత వివక్ష జరుగుతోందని ఒప్పుకుంది. ఓనర్ చేతికి సరిహద్దు కాపలా పని ఇస్తే అతను భయపడి తలుపు మూసుకుంటాడు. రిటైర్డ్ సార్ చెప్పిన భయం అదే.

బండ్లగూడ గృహిణి

నేను ఇచ్చాను. ఫార్మసీ చదివే ఇద్దరు నైజీరియా అమ్మాయిలు, మూడేళ్లు మా పై పోర్షన్‌లో ఉన్నారు. గొప్పగా చెప్పుకోవడానికి కాదు, ఎలా ఉంటుందో తెలియాలని రాస్తున్నాను.

గొడవలు రాలేదా అంటే వచ్చాయి. ఆదివారం చర్చి నుంచి వచ్చాక పది మంది చేరి పాటలు పెట్టేవారు. రాత్రి ఇంటికి ఫోన్ చేస్తే మూడు ఇళ్లకు వినపడేది. పిలిచి చెప్పాను, రాత్రి పది తర్వాత వద్దని. అగ్రిమెంట్‌లో కూడా రాయించాను. మానేశారు. వంట వాసన గురించి పక్కింటావిడ ఫిర్యాదు చేసింది. పైకి వెళ్లి చూస్తే ఎండు రొయ్యలు. మా అత్తగారిది మచిలీపట్నం. ఆ వాసన ఆవిడకు పండగ! ఒకసారి ఎర్రటి షర్బత్ ఇచ్చారు, 'జోబో' అంటారట. దేంతో చేశారమ్మా అంటే ఎండిన ఎర్రటి తొడుగులు చూపించారు. మన గోంగూర కాయ చుట్టూ ఉండేవే. వాళ్లు ఆ తొడుగుతో షర్బత్ చేస్తారు, మనం ఆకుతో పచ్చడి చేస్తాం. చెట్టు ఒకటే.

2024లో రెండు నెలల అద్దె ఆలస్యమైంది. పెద్దమ్మాయి కిందికి వచ్చి, ఆంటీ మా నాన్న పంపిన డబ్బు ఇక్కడికి వచ్చేసరికి మూడో వంతు అయిపోతోంది అని లెక్క రాసి చూపించింది. ఆగాను. మూడో నెలలో మొత్తం ఇచ్చారు. మా వీధిలోనే ఇంకో ఇంట్లో, మనవాళ్లకు పది వేలకు ఇచ్చే పోర్షన్‌ను నల్లపిల్లలని పదిహేను వేలకు ఇచ్చారు. ఇవ్వకపోవడం ఒక తప్పు, దిక్కులేదని తెలిసి పిండుకోవడం ఇంకా పెద్ద తప్పు. అది చూసి నాకు చాలా కోపం వచ్చింది, ఇప్పటికీ ఉంది.

ఎల్బీనగర్ వాసి

మీకు మంచివాళ్లు దొరికారు మేడం. అందరూ అలా ఉండరు. నా అభిప్రాయం మారదు.

బండ్లగూడ గృహిణి

అందరూ అలా ఉండరు, నిజమే. తెలుగు అద్దెదారుడు ఒకాయన నాకు నాలుగు నెలల కరెంటు బిల్లు ఎగ్గొట్టి రాత్రికి రాత్రి ఖాళీ చేశాడు. ఆ తర్వాత తెలుగువాళ్లకు ఇవ్వడం మానలేదు కదా నేను.

రిటైర్డ్ ఇంటి ఓనర్

అమ్మా, మీరు ఆ ఫారం-సి ఎలా నింపారు? ఓనర్ లాగిన్ వేరే ఉండాలా? ఫోన్‌లో అవుతుందా, ఇంటర్నెట్ సెంటర్‌కి వెళ్లాలా? అప్పట్లో నాకు ఎవరూ చెప్పలేదు.

బండ్లగూడ గృహిణి

మా అబ్బాయి చేశాడండీ. ముందు ఓనర్‌గా ఒకసారి రిజిస్టర్ అవ్వాలి, ఇంటి వివరాలు ఇవ్వాలి. తర్వాత వాళ్ల పాస్‌పోర్టు, వీసా వివరాలు, ఫొటో పెట్టాలి. నింపాక ప్రింట్ తీసి అగ్రిమెంట్‌తో పాటు ఫైల్‌లో పెట్టుకున్నాను. ఒకసారి పోలీసులు వచ్చారు, ఆ ఫైల్ ఇచ్చాను, గుమ్మం దగ్గరే చూసి వెళ్లిపోయారు.

రిటైర్డ్ ఇంటి ఓనర్

మంచిదమ్మా. తార్నాక బాబూ, మాది నాచారమే. పై పోర్షన్ ఒకటో తారీఖుకు ఖాళీ అవుతుంది. మాట ఇవ్వడం లేదు, మా ఆవిడతో మాట్లాడాలి. ఆమె ఒప్పుకోకపోతే నేను చేసేది లేదు.

తార్నాక పీజీ

అంకుల్, ఆదివారం పొద్దున్న పదింటికి ఇద్దరం వస్తాం. పాస్‌పోర్టు, వీసా, కాలేజీ బోనఫైడ్, పాత ఓనర్ ఫోన్ నంబరు అన్నీ తెస్తాడు. ఆంటీ గారిని కూడా ఉండమనండి, ఏం అడగాలన్నా అతన్నే అడగొచ్చు, నేను తెలుగులో చెబుతాను. వీసా గడువు ఇంకా 34 రోజులుంది.

ఒక్కటే అడుగుతున్నాను. ఇవ్వలేమనుకుంటే ఇవ్వలేమని అతని ముందే చెప్పండి. "ఇప్పుడే ఇచ్చేశాం" అని మాత్రం అనకండి.